హార్డ్ డిస్క్ పెడితే లాప్‌టాప్‌లో ఏటీ రావట్లేదా?

ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. ఆ డిస్క్‌లో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా? ఉంటే గాబరా లేదు. కింద రాసినవి ఏ వరసలో చేసినా, ఆఖరికి ఫార్మాట్ కొట్టినా పోయేదేం లేదు. లేదంటే మాత్రం డిస్క్‌ని బాగుచెయ్యాలన్న ఆలోచన పక్కన పెట్టేయండి. లోపలిది బయటికి తీసుకోవడం ఒక్కటే పని. అది అయ్యేదాకా ఆ డిస్క్ మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా పడకూడదు. డిస్క్ పోతే కొన్ని వేలు పెట్టి ఇంకోటి కొనుక్కుంటాం. పెళ్లి మళ్లీ చేసుకోమంటే చేసుకోరు కదా.

పెళ్లి అని ఎందుకన్నానంటే, నాది శ్రీకాకుళంలో వీడియో మిక్సింగ్ పని. టెక్కలి, పలాస, నరసన్నపేట, పాలకొండ ఫొటోగ్రాఫర్లు ఫుటేజ్‌ని హార్డ్ డిస్క్‌లో వేసి ఆర్టీసీ కార్గోలో పంపుతారు. లేదంటే ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి కాంప్లెక్స్ దగ్గర తీసుకోమంటారు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన 4కే తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు మూడేసి గంటలు తిరిగితే 270 జీబీ. ఇంత ఫుటేజ్ పల్లెటూరి నెట్‌లో అప్‌లోడ్ చేసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే డిస్కులు తిరుగుతాయి, బస్సుల్లో కుదుపులు తింటాయి, ముహూర్తాల రోజుల్లో ఒకటి కాకపోతే ఒకటి మొరాయిస్తుంది. "అక్కా, లైటెలుగుతోంది గానీ కంప్యూటర్లో ఏటీ రావట్లేదు, ఫార్మేట్ సెయ్యమని అడుగుతోంది, సేసీమంటావా?" అని ఫోన్ చేస్తారు. చెయ్యకు నాయనా, దేన్నీ నొక్కకు అని ముందు చెప్పి, తర్వాత మిగతావి అడుగుతాను. ఆ అడిగే వరసే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చెవి, తర్వాత చెయ్యి

గదిలో ఫ్యాన్ కట్టేయండి. డిస్క్‌ని బల్ల మీద పడుకోబెట్టి కేబుల్ పెట్టండి. పైన వేలు ఆనించి వినండి. ఇది పళ్లెం తిరిగే మామూలు హార్డ్ డిస్క్‌కే సుమా. పళ్లెం లేకుండా చిప్‌ల మీదే రాసే ఎస్‌ఎస్‌డీ అయితే తిరగదు, చప్పుడు రాదు, వినడానికి ఏమీ ఉండదు.

లోపల సన్నగా తిరుగుతున్నట్టు వేలికి తెలిసి, తేడా చప్పుడేమీ లేకపోతే చాలావరకు మంచి కబురే. లోపం కేబుల్‌లోనో, విండోస్‌లోనో, డిస్క్ మీద రాసి ఉన్న లెక్కల్లోనో ఉంటుంది.

తిరుగుతూ టక్, టక్, టక్ అని ఒకే తాళంలో కొడుతుంటే వెంటనే పీకేయండి. చదివే హెడ్ తన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోందన్నమాట. ఆ హెడ్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. అది దెబ్బతిన్నాక మీరు ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. "ఇంకోసారి పెట్టి సూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు. వేరే కాపీ లేని డిస్క్ ఇలా కొడితే ఇక్కడి నుంచి నేరుగా ఆఖరి భాగానికి వెళ్లిపోండి.

సన్నగా కుయ్, కుయ్ అంటూ తిరగకుండా ఉంటే సాధారణంగా రెండు కారణాలు. కరెంటు చాలట్లేదు, లేదా హెడ్ పళ్లేనికి అతుక్కుపోయింది. మొదటిది మీ చేతిలో పని, అది చూడండి. సరైన కరెంటు అందాక కూడా కుయ్యంటే ఆపేయండి.

ఇక ఏ చప్పుడూ, ఏ లైటూ లేదనుకోండి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నా అనుభవంలో ఎక్కువసార్లు అది కేబులే.

కేబుల్, కరెంటు

పోర్టబుల్ డిస్క్‌కి వచ్చే వెడల్పాటి పిన్ను చూశారా, పెద్ద ముక్కొకటి, పక్కనే చిన్న ముక్కొకటి అతికినట్టుంటుంది. యూఎస్‌బీ 3.0 మైక్రో బి అంటారు దాన్ని. సాధారణంగా ముందు వదులయ్యేది ఇదే. డిస్క్‌ని సంచిలో పడేసినప్పుడు, కేబుల్ పట్టుకుని ఎత్తినప్పుడు భారమంతా ఆ పిన్ను మీదే పడుతుంది.

దుకాణానికి పరిగెత్తే ముందు ఇంట్లోనే చెయ్యదగ్గ పరీక్ష ఒకటుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ తీసుకుని, డిస్క్ సాకెట్లో పెద్ద ముక్క ఉన్న వైపు పెట్టండి. సరిగ్గా పడుతుంది. యూఎస్‌బీ 2.0 స్పీడులో నడుస్తుంది కాబట్టి కాపీ సెకనుకు ముప్పై, నలభై ఎంబీ మించదు. అయినా డిస్క్ కనబడిందంటే అసలు కేబులో, సాకెట్లో చిన్న ముక్కో పోయిందని తేలిపోయింది. ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లకు ఫోన్లో ముందు చేయించేది ఇదే. ఒక్క జాగ్రత్త. కొన్ని చౌక కేబుళ్లలో చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఆ కేబుల్‌తో ఫోన్ నుంచి ఫొటోలు ఎక్కుతున్నాయో లేదో చూసుకున్నాకే డిస్క్‌కి పెట్టండి.

తర్వాత కరెంటు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. లోపల నీలం రంగుండే 3.0 పోర్టు 900 ఇస్తుంది. పళ్లెం తిరగడం మొదలెట్టే ఆ రెండు మూడు సెకన్లలో డిస్క్ ఒక ఆంపియర్ దాకా లాగొచ్చు. పొలంలో మోటారు ఆన్ చేసినప్పుడు బల్బు ఒక్క క్షణం మసకబారదూ, అదే లెక్క. తిరగడం మొదలయ్యాక అంత అక్కర్లేదు గానీ ఆ మొదటి తోపుకే చాలకపోతే డిస్క్ లేవదు.

కాబట్టి హబ్బులు, ఎక్స్‌టెన్షన్లు, ఓటీజీ ముక్కలు అన్నీ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి. లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద కాకుండా చార్జర్ పెట్టి నడపండి. మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీలన్నీ పీకేయండి. పోర్టు మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులను నమ్మకండి, మదర్‌బోర్డుకే అతికి ఉండే వెనకవైపు పోర్టులో పెట్టండి. అప్పటికీ లేవకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి చూడండి.

సోంపేట, కవిటి లాంటి సముద్రపు గాలి ఊళ్ల నుంచి వచ్చే డిస్కుల పిన్నుల మీద నల్లటి మసక చూస్తుంటాను. మెత్తటి పాత బ్రష్షుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి.

బల్ల మీద నిలబెట్టే పెద్ద డిస్కుల సంగతి వేరు. వాటికి యూఎస్‌బీ కరెంటు చాలదు, 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉంటుంది. లైటే రాకపోతే అడాప్టర్ పోయి ఉండొచ్చు, అదే వోల్టు, అంతే ఆంపియర్ లేదా ఎక్కువ ఉన్నది తెచ్చి చూడండి. పిన్ను పట్టింది కదా అని లాప్‌టాప్ చార్జర్ మాత్రం గుచ్చకండి. అది 19 వోల్టులు. బోర్డు మీద రక్షణ కోసం పెట్టిన చిన్న డయోడ్ షార్ట్ అయిపోయి డిస్క్ మూగబోతుంది. అంతటితో ఆగిందా, నయమే, బోర్డు పని తెలిసినవాళ్లు ఆ డయోడ్ తీసి లేపుతారు. "ఇలాంటి డిస్కే ఇంకోటి ఉందక్కా, దాని బోర్డు ఇప్పి బిగించేద్దామా" అంటారు కొందరు. ఇప్పటి డిస్కుల్లో ఆ డిస్క్‌కే చెందిన సర్దుబాటు వివరాలు దాని బోర్డు మీదున్న రోమ్ (ROM) చిప్‌లో, అంటే చెరిగిపోని చిప్‌లో, రాసి ఉంటాయి. ఆ చిప్ మార్చకుండా బోర్డు మారిస్తే లాభం లేదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏం కనబడుతోంది?

డిస్క్ తిరుగుతోంది, కేబుల్ బాగుంది, అయినా 'దిస్ పీసీ'లో రావట్లేదు. అప్పుడు విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. తెరవగానే "ఇనిషియలైజ్ డిస్క్" అని ఒక పెట్టె దానంతటదే ఎదురురావచ్చు. క్యాన్సిల్ కొట్టండి. అది మర్యాదగా ఓకే అడుగుతుంది, మనవాళ్లు మర్యాదగా ఓకే కొట్టేస్తారు. ఓకే కొడితే డిస్క్ మొదట్లో కొత్త విభజన పట్టిక రాస్తుంది.

కింద డిస్క్ 0, డిస్క్ 1 అని వరసలుంటాయి. మీది ఏదో సైజుని బట్టి పట్టుకోండి. 1 టీబీ డిస్క్ ఇక్కడ 931 జీబీ అని, 2 టీబీది 1863 జీబీ అని ఉంటుంది. తగ్గిందేమిటని కంగారు వద్దు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అనుమానం ఉంటే డిస్క్ పీకి చూడండి, ఏ వరస మాయమైతే అదే మీది.

నీలం గీతతో, సరైన సైజుతో, హెల్దీ అని ఉండి, ఇ, ఎఫ్ లాంటి డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే ఇంతకంటే తేలిక జబ్బు లేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్, యాడ్. ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవులకో, కార్డ్ రీడర్లకో అదే అక్షరం పోయినప్పుడు ఇలా అవుతుంది. లోపలి ఫైళ్ల జోలికి ఇది పోదు. అక్షరాల్లో చివర ఉన్నవి, పి, ఆర్, టి లాంటివి ఇవ్వండి. నేను ఒక్కో ఫొటోగ్రాఫర్ డిస్క్‌కి ఒక్కో అక్షరం ఖాయం చేసేశాను, ఎడిటింగ్ ప్రాజెక్టులో క్లిప్పులు మిస్సింగ్ అనడం కూడా దాంతో తగ్గింది.

ఆఫ్‌లైన్ అని ఉంటే ఒక డిస్క్‌ని ఇంకో డిస్క్‌కి క్లోన్ చేసి రెండూ ఒకేసారి పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. రెండింటికీ ఒకే సంతకం ఉంటే విండోస్ ఒకదాన్ని పక్కన కూర్చోబెడుతుంది. ఒకటి తీసేసి రెండోది విడిగా పెడితే సరి.

రా (RAW) అని గానీ, అన్ఎలకేటెడ్ అని నల్ల గీతతో గానీ, సైజు మాత్రం సరిగ్గా చూపిస్తూ ఉంటే డిస్క్ యంత్రం మాట వింటోంది, దాని మీది లెక్కల పుటలు చెడ్డాయి. ఫైళ్లు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. "యూ నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్" అనే పెట్టె వచ్చేది ఇక్కడే. ఇక్కడే చెక్‌డిస్క్ (విండోస్‌లోని మరమ్మతు కమాండ్) కొట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఎదురవుతారు. రా అయిపోయిన డ్రైవ్ మీద చెక్‌డిస్క్ అసలు నడవదు. విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్‌గానే ఉండి కొన్ని ఫోల్డర్లు తెరుచుకోనప్పుడు నడుస్తుంది గానీ, తనకు అర్థం కాని ముక్కలను తనకు తోచినట్టు సర్దేస్తుంది. కాపీ లేని డిస్క్ మీద నేను దాన్ని వాడను.

డిస్క్ వరస ఉంది కానీ సైజే లేదు, లేదా నో మీడియా అని ఉంది. ఇది మంచి లక్షణం కాదు. డబ్బాలోని యూఎస్‌బీ చిప్ పలుకుతోంది, దాని వెనక ఉన్న అసలు డిస్క్ పలకట్లేదు. పెద్ద డిస్కుల్లో చాలావాటికి లోపల మామూలు సాటా డిస్కే (కంప్యూటర్ లోపల బిగించే రకం) ఉంటుంది, ఇప్పి డెస్క్‌టాప్‌కి తగిలించి చూడొచ్చు. పోర్టబుల్ వాటిలో, ముఖ్యంగా డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ మోడళ్లలో చాలావాటికి, యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా పిన్నులే ఉండవు. పైగా వాటిలో ఆ చిప్పే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టుకోకపోయినా సరే. డబ్బా విప్పడానికి తొందరపడకండి.

డిస్క్‌కి జబ్బే లేకపోవచ్చు

మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని విండోస్ చదవలేదు, ఫార్మాట్ చెయ్యనా అని అడుగుతుంది. విశాఖలో మ్యాక్ వాడే ఎడిటర్ దగ్గరికి వెళ్లొచ్చిన డిస్క్ అయితే ముందు ఆయనకే ఫోన్ చెయ్యండి. టీవీకి పెట్టి రికార్డింగ్ కోసం ఓకే నొక్కినా అంతే, చాలా టీవీలు డిస్క్‌ని తమ పద్ధతిలో ఫార్మాట్ చేసేస్తాయి. ఈ రెండోదానిలో పాత ఫైళ్లకు నిజంగానే నష్టం జరిగి ఉంటుంది. మ్యాక్, విండోస్ రెండింట్లో తిరగాలంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోవాలి, కాకపోతే దానికి జర్నల్ (చేస్తున్న మార్పులు రాసుకునే చిట్టా) ఉండదు, కాపీ మధ్యలో పీకితే ఎన్‌టీఎఫ్ఎస్ కంటే తొందరగా చెడుతుంది. విండోస్ ఒక్కటే వాడేవాళ్లు ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉండండి. బ్యాంకు, ఆఫీసు డిస్కులకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉండొచ్చు. పాస్‌వర్డ్ పోతే 48 అంకెల రికవరీ కీ కావాలి, దానికి దొడ్డిదారి లేదు.

లాప్‌టాప్ తరఫు తప్పులు తొందరగా చెప్పేస్తాను. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న లాప్‌టాప్ షట్‌డౌన్‌లో పూర్తిగా ఆరిపోదు, పాత తికమక అలాగే ఉండిపోతుంది. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్క్ పేరు మీద అన్ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి, డిస్క్ పీకి మళ్లీ పెట్టండి. ఇది డ్రైవర్‌ని తీసేస్తుందే తప్ప ఫైళ్లను కాదు. కాసేపు బాగా నడిచి మధ్యలో మాయమవుతుంటే యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర టిక్ తీసేయండి. వీటన్నిటికంటే ముందు ఇంకో లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే సగం ప్రశ్నలు అక్కడే తేలతాయి.

కనబడింది, ఇప్పుడేం చెయ్యాలి?

పది నిమిషాలు ఆలోచించి మరీ కనబడిందంటే డిస్క్‌కి ఒంట్లో బాలేదు. ఫోల్డర్లు తెరిచి ఫొటోలు చూస్తూ కూర్చోకండి. అన్నిటికంటే ముఖ్యమైన ఫోల్డర్ ముందు కాపీ పెట్టండి. మా పనిలో అయితే తాళి కట్టే క్లిప్పులు ముందు, డ్రోన్ షాట్లు తర్వాత. కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి చూడండి, ఉచితమే. చెడిన చోట్ల లెక్క చెప్పే 05, సి5, సి6 వరసల్లో సున్నా కాకుండా ఏదైనా ఉండి కాషన్ అని పసుపు చూపిస్తే ఆ డిస్క్‌ని పనిలోంచి తప్పించండి. కొన్ని యూఎస్‌బీ చిప్‌లు ఈ వివరాలు బయటికి రానివ్వవు, అప్పుడు ఏమీ చూపించదు.

కాపీ ఒకచోట ఆగిపోయి, మళ్లీ కదిలి, మళ్లీ ఆగుతుంటే విండోస్‌తో పోరాడకండి. పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు (విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్) వేసి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని అంతే సైజున్న లేదా అంతకంటే పెద్ద డిస్క్ మీదికి నకలు తీయండి. బాగా చదవగలిగినదంతా ముందు తీసేసుకుని, మొండి చోట్ల కోసం తర్వాత తిరిగొస్తుంది. ఎంతవరకు అయిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గరనుంచి మొదలవుతుంది. ఆ ఫైల్‌ని ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, లైవ్ ఉబుంటు మెమరీలో పెడితే కరెంటుతో పాటే పోతుంది. ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఎంటర్ కొట్టే ముందు సైజులతో సరిచూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ పెళ్లి మీద పడుతుంది.

రా, అన్ఎలకేటెడ్ కేసుల్లో కూడా నకలు తీశాకే, ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడపండి. పోయిన విభజనను వెతికి చూపిస్తుంది, రైట్ (Write), అంటే రాయి అని మీరు చెప్పేదాకా దేన్నీ మార్చదు. అదీ కుదరకపోతే దానితోనే వచ్చే ఫొటోరెక్ ఉంది. ఫొటోలను బాగానే ఏరుతుంది గానీ పేర్లూ ఫోల్డర్లూ ఉండవు, ముక్కలుగా పడిన పెద్ద వీడియోలు తెరుచుకోకపోవచ్చు. వెలికితీసినవి మళ్లీ అదే డిస్క్ మీద పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంట్లో ముట్టుకోకూడనివి

టక్‌టక్ కొట్టేవి, కింద పడ్డవి, తడిసినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఇళ్ల పైకప్పులు లేచిపోయి సామానంతా నానిపోయింది. అలా తడిసిన డిస్క్‌కి ఆరిందో లేదో చూద్దామని కరెంటు ఇవ్వకండి, ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయర్ కొట్టకండి. తడి ఉండగానే గాలి చొరని కవర్లో పెట్టి తీసుకెళ్లడం మేలు, ఎండిపోతే నీళ్లలోని మట్టీ ఉప్పూ పళ్లెం మీద గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. మన తీరంలో గాలిలో ఉండే తేమకి, ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి ఇనుము మీద నీళ్లు పట్టడం ఎంతసేపు?

మూత విప్పుతానన్న మెకానిక్‌ని, క్లీన్‌రూమ్, అంటే దుమ్ము చొరని గది, ఉందా అని అడగండి. లేదంటే విప్పనివ్వకండి. హెడ్‌కి, పళ్లేనికి మధ్య ఉన్న సందు కంటే దుమ్ము రేణువు ఎన్నో రెట్లు పెద్దది. విశాఖ గానీ హైదరాబాద్ గానీ పంపేటప్పుడు ఫోన్లోనే నాలుగు మాటలు తేల్చుకోండి: చూసినందుకు ఎంత, డేటా రాకపోతే ఎంత, విడిభాగాల డబ్బు ముందే కట్టాలా, వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు తీసుకుంటారా. వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

పార్సిల్‌లో డిస్క్ చుట్టూ అన్నివైపులా రెండంగుళాల స్పాంజి ఉండాలి, అట్టపెట్టెని ఊపితే లోపల కదలకూడదు. కేబుల్‌ని డిస్క్‌కి గుచ్చి ఉంచకండి, విడిగా చుట్టి వేయండి. డిస్క్ ఎలా పోయింది, చప్పుడు ఏమైనా వచ్చిందా, ఎవరెవరు ఏమేం ప్రయత్నించారు, లోపల ముఖ్యంగా కావలసిన ఫోల్డర్ పేరేమిటి అన్నది కాగితం మీద రాసి లోపల పెట్టండి. ఫార్మాట్ కొట్టేసి ఉంటే అది కూడా దాచకుండా రాయండి.